సవ్తా ఇంట్లో ఏడో ఏడు: ఏ కూర కొనాలి, తొక్కలు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: అక్కా, మాది కోనసీమ. ఇజ్రాయెల్‌లో బ్నే బ్రాక్‌లో ఒక పెద్దావిడను చూసుకునే పనిలో ఉన్నాను. అందరిలాగే నేనూ ఆవిడని సవ్తా (అమ్మమ్మ) అనే పిలుస్తాను. మొన్న శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక గ్లాసులో మిగిలిన వైన్‌ని సింక్‌లో పారబోశాను. సవ్తా ఒక్కసారిగా కేక పెట్టింది. ఏదో "ష్మిటా" అంది. తర్వాత వాళ్లమ్మాయి వచ్చి, అది 2022 నాటి వైన్ అనీ, 2028లో మళ్లీ అలాంటి సంవత్సరం వస్తుందనీ, ఆలోపు వంటింటి పద్ధతులు నేర్చుకోమనీ చెప్పింది. పక్క బిల్డింగ్‌లో పనిచేసే అమ్మాయిని అడిగితే ఇంకా భయపెట్టింది: రెండు చెత్త డబ్బాలు పెట్టాలట, మార్కెట్లో కూరగాయలు కొనకూడదట, యూదులు కానివాళ్లు ఆ పళ్లు తినకూడదట, ఆ ఏడాది అప్పులన్నీ రద్దయిపోతాయట! నేను చర్చికి వెళ్లేదాన్ని. లేవీయకాండం 25 తీసి చదివాను. భూమికి విశ్రాంతి అని ఉంది గానీ తొక్కల గురించి ఎక్కడా లేదు. మరి నా తిండి సంగతేంటి? బాల్కనీలో కుండీల్లో గోంగూర, పుదీనా వేసుకున్నాను, పీకేయాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది. (ఒక చెల్లి, బ్నే బ్రాక్)

సమాధానం:

చెల్లీ, ముందు ఆ వైన్ సంగతి చూద్దాం. ష్మిటా అంటే ఏడేళ్లకోసారి ఇక్కడి భూమికి విశ్రాంతి ఇచ్చే సంవత్సరం. 2022 వేసవిలో ఇక్కడ కోసిన ద్రాక్ష ష్మిటా ద్రాక్ష, అంటే ఏడో సంవత్సరపు పంట. ఆ సీసా మీద 'కెదుషత్ ష్విఈత్' అని హీబ్రూలో రాసి ఉంటుంది. ఏడో ఏటి పవిత్రత ఉన్న సరుకు అని దానర్థం. అది ఎన్నేళ్లు అల్మారాలో ఉన్నా ఆ పవిత్రత అలాగే ఉంటుంది. తాగొచ్చు, వంటలో పోసుకోవచ్చు, పారబోయకూడదు. మిగిలిన గుక్కెడు వైన్‌ని ఒక సీసాలో పోసి పక్కన పెడతారు. తాగడానికి పనికిరాకుండా పాడయ్యాక అప్పుడు పారేస్తారు. సవ్తా కేక పెట్టింది దానికే. (వైన్ విషయంలో ఇంకో నియమం ఉంది, అది ష్మిటాకి సంబంధం లేనిది: కాచిన వైన్ కాకపోతే, తెరిచిన సీసాను యూదులు కానివాళ్లు ముట్టుకోకూడదు. అది నీకు మొదటి వారంలోనే చెప్పి ఉంటారు.)

లేవీయకాండంలో తొక్కల గురించి లేదన్నావు. నిజమే. కానీ 6వ వచనం మళ్లీ చదువు. ఏడో ఏట భూమి తనంతట తాను ఇచ్చింది మీకు ఆహారమవుతుంది అని ఉంటుంది. యూదు పండితులు దీన్నుంచి రెండు సంగతులు తీశారు. తినడానికి ఇచ్చింది కాబట్టి పాడు చేయకూడదు. తినడానికి ఇచ్చింది కాబట్టి దానితో వ్యాపారం చేయకూడదు. రెండు డబ్బాలు, తొక్కలు, తూకం, డబ్బు, ఎగుమతి, నువ్వు విన్నవీ ఇక వినబోయేవీ చాలావరకు ఈ రెండింటి నుంచే వచ్చాయి. పొలంలో చేయకూడని పనులు, అంటే విత్తడం, కొమ్మలు కత్తిరించడం, పంట సొంతం చేసుకోవడం, రైతుల బాధ. నీకు పనికొచ్చేది వంటింటి భాగం.

లెక్క ఇలా ఉంటుంది. యూదు క్యాలెండర్ సంవత్సరాన్ని ఏడుతో భాగిస్తే శేషం లేకుండా పోతే అది ష్మిటా. పోయినసారిది 5782, అంటే 2021 సెప్టెంబర్ నుంచి 2022 సెప్టెంబర్ దాకా. రాబోయేది 5789. అది 2028 సెప్టెంబర్ 20 సాయంత్రం సూర్యుడు దిగాక రోష్ హషానాతో (యూదుల కొత్త సంవత్సరంతో) మొదలై, 2029 సెప్టెంబర్ 9 సాయంత్రంతో ముగుస్తుంది. అప్పటికి నీ వీసా ఎలా ఉంటుందో, సవ్తా ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియదు గానీ నేర్చుకుని ఉంటే నష్టం లేదు. వేరే ఇంటికి మారినా పనికొస్తుంది.

ఈ నియమం ఇజ్రాయెల్ నేలకే. బయటి నేలకు లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదులున్నారు. అక్కడి పొలాలకు కూడా ష్మిటా లేదు. అందుకే ఇండియా నుంచి వచ్చే పప్పులు, చింతపండు, ఎండుమిర్చి, బయటి దేశాల బియ్యం, వీటికి ఏడో ఏటి గొడవ లేదు. వాటి మీద మామూలు కోషర్ ముద్ర (యూదు ఆహార నియమాలకు సరిపోతుందనే గుర్తు) ఉందా లేదా చూసుకుంటే చాలు. నీ సాంబార్‌కి పప్పు దిగులు లేదు, అందులో వేసే ములక్కాడకీ టమాటాకే దిగులు.

ఇప్పుడు అసలు విషయం. ఇది బాగా గుర్తుపెట్టుకో: "ష్మిటాలో ఇది తినొచ్చా?" అనే ప్రశ్నకు దేశం మొత్తానికీ ఒకే జవాబు లేదు. ఆ ఇంటివాళ్లు ఏ రబ్బీ (యూదు మతగురువు) మాట వింటారో దాన్ని బట్టి జవాబు మారుతుంది. పక్క బిల్డింగ్ అమ్మాయి చెప్పింది వాళ్లింటి పద్ధతి. అది తప్పు కాదు, కానీ నీకు వర్తించకపోవచ్చు.

ఇన్ని పద్ధతులు ఎందుకొచ్చాయో తెలిస్తే సవ్తా పట్టుదల అర్థమవుతుంది. 1880లలో యూరప్ నుంచి వచ్చి ఇక్కడ వ్యవసాయం మొదలుపెట్టిన వాళ్లు నిరుపేదలు. 1888-89లో ష్మిటా వచ్చింది. ఏడాదంతా పొలం బీడు పెడితే ఆకలితో చావాల్సిందే. అప్పుడు లిథువేనియాలోని కొవ్నోలో ఉండే రబ్బీ యిత్సఖాక్ ఎల్ఖనాన్ స్పెక్టర్ లాంటి పెద్దలు ఒక దారి చూపారు: ఆ ఏడాదికి భూమిని యూదుడు కానివాడికి అమ్మినట్టు రాసి, సాగు కొనసాగించడం. దీన్ని హెతేర్ మెఖిరా అంటారు. జెరూసలేం రబ్బీల్లో చాలామంది అప్పుడే ఒప్పుకోలేదు. 1909-10 ష్మిటాలో యాఫా (జాఫా) పట్నపు రబ్బీగా ఉన్న అబ్రహాం యిత్సఖాక్ కూక్ ఈ పద్ధతిని సమర్థించారు. ఇష్టపడి కాదు, రైతు బతకాలని. ప్రభుత్వ రబ్బీల వ్యవస్థ నేటికీ ఈ దారినే నడుస్తుంది. 2007లో కొన్ని ఊళ్ల రబ్బీలు దీన్ని గుర్తించబోమని మొండికేస్తే వ్యవహారం హైకోర్టుదాకా వెళ్లింది.

దీనికి గట్టిగా ఎదురు నిలిచిన వ్యక్తి నీ ఊళ్లోనే ఉండేవారు. రబ్బీ అబ్రహాం యెషయా కరెలిత్స్ 1933లో వచ్చి బ్నే బ్రాక్‌లో స్థిరపడ్డారు, 1953లో చనిపోయారు. అందరూ ఆయన్ని ఖజోన్ ఈష్ అంటారు. మీ ఊళ్లో ఆ పేరుతో ఒక పెద్ద వీధే ఉంది, సవ్తాని వీల్‌చైర్‌లో తిప్పుతూ చూసే ఉంటావు. భూమి అమ్మకం చెల్లదని, నిజంగానే బీడు పెట్టాలని చెప్పి, అలా పెట్టిన రైతులకు అండగా నిలిచారు. కాబట్టి సవ్తా ఇంట్లో 'హెతేర్ మెఖిరా' అని రాసిన కూరగాయలు రానివ్వకపోవడమే ఎక్కువ అవకాశం. సూపర్‌మార్కెట్లో అదే చవకగా దొరుకుతుంది. "ఒక్కసారికి ఏమవుతుందిలే" అని నాలుగు షెకెల్‌లు మిగిల్చే ప్రయత్నం చేయకు.

మరి ఏం కొంటారు? ఆ ఏడాది కూరగాయల దుకాణాల్లో ప్రతి గంప మీదా ఒక చీటీ ఉంటుంది. హీబ్రూ రాకపోయినా ఈ మాటలు చెవిన వేసుకో.

'షిషిత్' అంటే ఆరో ఏట కోసి నిల్వ చేసినవి. బంగాళాదుంప, ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్, గుమ్మడి కొన్ని నెలలపాటు ఇలా నడుస్తాయి. వీటికి ఏ నియమమూ లేదు, తొక్క మామూలు చెత్తలో వేయొచ్చు. 'ఖుత్స్ లాఆరెత్స్' అంటే బయటి దేశం నుంచి వచ్చింది. దీనికీ గొడవ లేదు. 'మత్సా మెనుతాక్' అంటే పందిరి కింద, నేలకు తగలకుండా ప్లాస్టిక్ పరిచి, తొట్లలో పెంచింది. పాలకూర లాంటి ఆకులు, క్యాప్సికం, టమాటా ఎక్కువగా ఇలా వస్తాయి. దీన్ని చాలామంది ఒప్పుకుంటారు, కొందరు మళ్లీ అడిగి తీసుకుంటారు. దక్షిణాన అరవా ఎడారి నుంచి వచ్చే కూరగాయలు ఇంకో రకం. పూర్వం బాబిలోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులు స్థిరపడిన పాత సరిహద్దుల బయట ఉందని అక్కడి దక్షిణ భాగానికి చాలామంది సడలింపు ఇస్తారు.

ఇక 'యెవూల్ నొఖ్రి', యూదుడు కాని రైతు పండించింది. ఇక్కడ ఒక తమాషా ఉంది. 16వ శతాబ్దంలో సఫేద్ పట్నంలో ఇద్దరు మహా పండితులు, యోసేఫ్ కారో, మోషే ది ట్రానీ, ఈ ఒక్క సంగతి మీద తగువు పడ్డారు. అరబ్బు రైతు పండించిన దానికి పవిత్రత లేదని కారో, ఉందని ది ట్రానీ. జెరూసలేం ఆచారం కారో మాట మీద నడుస్తుంది. ఖజోన్ ఈష్ రెండో ఆయన మాట పట్టుకున్నారు. దాని ఫలితం నీ చేతిలో కనబడుతుంది: ఒకే తోటలోని దోసకాయ జెరూసలేంలో ఒక ఇంట్లో కోస్తే చివరి ముక్కలు మామూలు చెత్తలోకి పోతాయి, బ్నే బ్రాక్‌లో సవ్తా ఇంట్లో కోస్తే ష్మిటా మిగులు కోసం వేరుగా పెట్టిన డబ్బాలోకి. ఐదొందల ఏళ్ల నాటి తగువు ఇంకా మన కత్తిపీట దగ్గర నడుస్తోంది.

చివరిది 'ఓత్సర్ బేత్ దీన్'. నాకు అన్నిటికంటే బాగా నచ్చిన పద్ధతి ఇది. తోట యజమాని ఆ ఏడాది తన పండ్ల మీద హక్కు వదులుకుంటాడు. మతపరమైన న్యాయసభ ఒకటి అతన్నే కూలికి పెట్టుకుని, జనం తరఫున కోయించి, పంచిపెడుతుంది. నువ్వు ఇచ్చే డబ్బు పండు వెల కాదు, కోత కూలీ, లారీ కిరాయి, పంపిణీ ఖర్చు. ఇలా వచ్చిన దానికి పవిత్రత పూర్తిగా ఉంటుంది. సవ్తా వాళ్లమ్మాయి ముందుగా డబ్బు కట్టి, ఫలానా రోజు ఫలానా చోటుకు వెళ్లి సంచి తెచ్చుకోమంటుంది. వెళ్లి తెచ్చుకోవడమే నీ పని. అక్కడ బేరం ఆడకు, బాగున్న కాయలు ఏరుకుంటానని పేచీ పెట్టకు.

పవిత్రత ఉన్న పండుని మామూలు దుకాణంలో వ్యాపారంగా కొనడంలో ఇంకో చిక్కుంది. దానికిచ్చిన డబ్బుకి కూడా ఆ పవిత్రత అంటుకుంటుంది. ఆ డబ్బు తీసుకున్నవాడు దాన్ని అదే గౌరవంతో తిండికే వాడాలి, అతను వాడతాడన్న నమ్మకం లేదు. అందుకే ఒక్క నిమ్మకాయ అయినా సరే, చెప్పకుండా వీధి చివర దుకాణంలో నగదు పెట్టి కొనుక్కురావద్దు. నీకు చెప్పిన దుకాణం, చెప్పిన ముద్ర, అంతే. ఆ ఇల్లు ఒప్పుకునే ముద్రలన్నిటినీ వాళ్లమ్మాయి చేత చూపించుకుని ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకో. దుకాణంలో చీటీని, ఫొటోని పక్కపక్కన పెట్టి చూసుకో. అనుమానం వస్తే వాట్సాప్‌లో పంపి, జవాబు వచ్చాకే బుట్టలో వేసుకో.

ఎందుకింత జాగ్రత్త అంటే, కూరగాయలకి పండ్లకంటే గట్టి నిషేధం ఉంది. ష్మిటాలో యూదుడి పొలంలో మొలిచిన కూరగాయలు, ధాన్యం, పప్పుధాన్యాలు, తమంతట తామే మొలిచినా సరే, తినకూడదన్నారు. వాటిని సెఫిఖిన్ అంటారు. కారణం చాలా లౌకికమైనది: దొంగచాటుగా విత్తి, "నేనేం వేయలేదు, దానంతటదే మొలిచింది" అనేవాళ్లు ఎక్కువయ్యారు. చెట్టు పండ్లకు ఆ బాధ లేదు, చెట్టును ఏటా విత్తరు కదా. ఇంకో సంగతి: సెఫిఖిన్ పొరపాటున వండితే గిన్నె కూడా సమస్యే అవుతుంది. మాంసం, పాల గిన్నెల విషయంలో వాళ్లు ఎంత పట్టింపుగా ఉంటారో నీకు తెలుసు.

తేదీల విషయంలో కూడా పండుకీ కూరకీ తేడా ఉంది. కూరగాయకు కోసిన రోజు లెక్క. పండుకు పిందె పడిన కాలం లెక్క. అందుకే కూరగాయల గొడవ 2028 సెప్టెంబర్‌లోనే మొదలవుతుంది. పండ్లలో చాలావాటికి 2029 వసంతంలో పూత పూశాక గానీ రాదు. కానీ ఆ పూత నుంచి వచ్చిన నారింజలు 2029-30 చలికాలంలో మార్కెట్‌కి వస్తాయి, అప్పటికి ష్మిటా అయిపోయి నెలలు గడిచి ఉంటాయి. కాబట్టి కొత్త సంవత్సరం వచ్చేసింది కదా అని సెప్టెంబర్‌లో ఆ డబ్బా తీసి కడిగేయకు. సెఫిఖిన్ నిషేధం కూడా ఆ తర్వాతి హనుక్కా (డిసెంబర్ ప్రాంతంలో వచ్చే దీపాల పండుగ) దాకా సాగొచ్చు. వైన్ అయితే నువ్వే చూశావు, ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది.

ఇక ఆ డబ్బా. దాన్ని పఖ్ ష్మిటా అంటారు. పవిత్రత ఉన్న పండు, కూర తాలూకు తినదగిన మిగులు, అంటే యాపిల్ మధ్య భాగం, కీరా చివర్లు, కంచంలో వదిలేసిన ముక్కలు, అందులో వేస్తారు. తినడానికి పనికిరాకుండా కుళ్లాక మామూలు చెత్తలో వేయొచ్చు. అవకాడో గింజ, బాదం చిప్ప లాంటి తినలేనివి మామూలు డబ్బాలోకే. కొన్ని తొక్కల విషయంలో, మనుషులు తినకపోయినా పశువులు తింటాయి కదా అని ఇంటికొక పద్ధతి ఉంటుంది, అడిగి తెలుసుకో. ఒకదాని మీద ఒకటి వేస్తే పాతది కొత్తదాన్ని తొందరగా కుళ్లబెడుతుంది, అది చేత్తో పాడుచేసినట్టే అని చాలా ఇళ్లలో ఏ రోజుకారోజు చిన్న కవరు కట్టి డబ్బాలో పెడతారు. కొందరు రెండు కవర్లలో చుట్టి నేరుగా బయటి చెత్తలోనే వేస్తారు. వేసవిలో వాసన వస్తుంది, ఈగలు వస్తాయి, దాన్లో దాపరికం ఏమీ లేదు. మూత గట్టిగా పడే డబ్బా కొనమని ముందే అడుగు.

గిన్నె అడుగున కూర మిగిలితే గరిటెతో డబ్బాలోకి తీసెయ్. అంటుకున్న పల్చటి పొరను కడిగేయొచ్చు, దాని కోసం కంగారుపడక్కర్లేదు. కానీ ఇంకో సంగతి మరచిపోకు: పవిత్రత ఉన్న క్యారెట్ ఒక్కటి సూప్‌లో పడితే రుచి అంతా సూప్‌కి పడుతుంది, మొత్తం సూప్‌ని అలాగే చూడాలి. అందుకే కొలతగా వండు. మన వైపు లాగా "ఎవరైనా వస్తే" అని రెండు గరిటెలు ఎక్కువ వేసే అలవాటు ఆ ఏడాదికి పక్కన పెట్టు.

తినే పద్ధతి కూడా మామూలుగా ఉండాలి. పచ్చిగా తినేది పచ్చిగా, వండుకునేది వండుకుని. నారింజ, నిమ్మ రసం తీయొచ్చు, అది అందరూ చేసేదే. కానీ ఏ పండు దొరికితే దాన్ని మిక్సీలో వేయడం కుదరదు. ఇక్కడ నీకు నిజమైన ప్రశ్న వస్తుంది: సవ్తాకి మింగడం కష్టమైతే అన్నీ మెత్తగా చేసి పెట్టాలి కదా? బంగాళాదుంప, అవకాడో మెదపడం, కూరల సూప్ మెత్తగా చేయడం మామూలుగా అందరూ చేసే పనే. అలవాటు లేనిది ఏదైనా మిక్సీ పట్టాల్సి వస్తే వాళ్లమ్మాయిని అడిగి, రబ్బీకి ఫోన్ చేయించు. అది వాళ్లకు చాలా మామూలు ఫోన్. అంతేగానీ నియమానికి భయపడి నువ్వే ఆవిడ తిండి తగ్గించడం, గట్టి ముక్కలు పెట్టడం చేయొద్దు. డాక్టర్ చెప్పింది డాక్టర్ చెప్పిందే.

మన ఇంటి వైద్యాలు కూడా ఆపాలి. మిష్నా అనే పాత ధర్మశాస్త్రం మనుషుల తిండిని పట్టుగా వేయకూడదంటుంది. కాబట్టి ష్మిటా ఉల్లిపాయ నూరి కాలికి కట్టకు. తేనెలో నిమ్మరసం తాగించడం తిండి కిందే లెక్క. ఆలివ్ నూనె ఒంటికి రాసుకోవడాన్ని ఆ శాస్త్రమే ఒప్పుకుంటుంది గానీ, నొప్పికి మందుగా రుద్దుతున్నావా, మామూలుగా రాస్తున్నావా అన్నది వేరు ప్రశ్న. సీసా మీద ముద్ర చూసి, అడిగాక చెయ్.

పండగలప్పుడు ఇంట్లో కొన్ని మార్పులు కనబడతాయి. పస్కా రాత్రి పది తెగుళ్ల పేర్లు చదువుతూ వేలితో వైన్ చుక్కలు తీస్తారు కదా, ష్మిటా వైన్‌తో అది చేయరు, ఆ చుక్కలు వృథా అవుతాయి. శనివారం సాయంత్రం హవ్దాలాకి (విశ్రాంతి దినాన్ని ముగించే ప్రార్థనకి) గ్లాసు పొర్లేలా పోయరు. నువ్వు సాయంగా పోస్తున్నా అంచు దాకా నింపకు.

ఒక రోజు ఇంట్లో ఉన్న సీసాలు, డబ్బాలు కిందికి తీసుకెళ్లి, ముగ్గురు మనుషుల ముందు పెట్టి, "ఇవి ఎవరివీ కావు, ఎవరైనా తీసుకోవచ్చు" అని చెప్పి, మళ్లీ పైకి తెచ్చుకోవడం చూస్తావు. నవ్వు వస్తుంది, కానీ నవ్వకు. దాన్ని బీఊర్ అంటారు. ఒక రకం పంట పొలాల్లో అడవి జంతువులకు కూడా దొరకనప్పుడు, ఇంట్లో దాచుకోవడం న్యాయం కాదు. మూడు పూటలకు సరిపడా ఉంచుకుని మిగతాది అందరిదీ చేయాలి. ష్మిటా దాటిన తర్వాతి ఏడాదిలో ఎండు అత్తి పండ్లకు హనుక్కా, ఖర్జూరాలకు పూరీము పండుగ, ద్రాక్షకూ వైన్‌కూ పస్కా, ఆలివ్‌కూ నూనెకూ వారాల పండుగ. పాత గ్రంథాలు పెట్టిన గడువులివి. అల్మారాలో ఏది వెనక్కి నెట్టి మరచిపోయారో గుర్తు చేసేది నువ్వే అవుతావు, ఎందుకంటే ఆ అల్మారా సర్దేది నువ్వు. మిష్నాలో దీని మీద ఊరగాయ తగువు కూడా ఉంది: ఒకే జాడీలో మూడు రకాల కూరలు ఊరేస్తే ఏ గడువు పాటించాలి? మొదట అయిపోయేదాన్ని బట్టి అని ఒక రబ్బీ, చివర అయిపోయేదాన్ని బట్టి అని ఇంకొకరు. రబ్బాన్ గమలియేల్ మాత్రం ఏది అయిపోతే దాన్ని జాడీలోంచి తీసేయమన్నారు. ఆయన మాటే నిలిచింది. ఆవకాయ జాడీ ముందు కూర్చున్న మనవాళ్లకు ఈ తగువు వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు నీ తిండి. పక్క బిల్డింగ్ అమ్మాయి చెప్పింది సగం నిజం. ష్మిటా పండ్లు యూదులు కానివాళ్లకు ఇవ్వకూడదనే మాట ఉంది. కానీ 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడెస్ రాసిన ధర్మశాస్త్రం అదే చోట ఇంకో మాట చెబుతుంది: నెలకో ఏడాదికో కుదుర్చుకున్న పనివాడైతే, లేదా అతని భోజనం నీ బాధ్యతైతే, అతను నీ ఇంటి మనిషి కిందే లెక్క, పెట్టొచ్చు. నువ్వు చదివిన 6వ వచనం చివర్లో కూడా కూలివాడు, నీతో నివసించే పరదేశి ఉన్నారు చూడు. రాత్రీపగలూ అక్కడే ఉండి, వాళ్లింట్లో తినే దానివి నువ్వు. ఆ కంచంలో నీ వాటా ఉంది, సిగ్గుపడకుండా తిను.

తేడా ఎక్కడొస్తుందంటే, ఆ పండ్లు సంచిలో వేసుకుని సెలవు రోజు టెల్ అవీవ్‌లో స్నేహితులకు పంచడం దగ్గర. అది చేయొద్దు. ఆ ఖర్జూరాలు ఊరికి పార్శిల్ చేయడం కూడా కుదరదు. ష్మిటా పంటను దేశం దాటించకూడదని మిష్నాలోనే ఉంది. నీ డబ్బుతో, నీ కోసం, బయట ఏ దుకాణంలో ఏం కొనుక్కుని బయట తిన్నా నిన్ను ఎవరూ అడగరు, ఈ చట్టం యూదుల మీదే ఉంది, నీ మీద లేదు. కానీ అలా కొన్న కూరగాయని సవ్తా వంటింట్లోకి, సవ్తా గిన్నెల్లోకి తేవద్దు. ఫ్రిజ్‌లో నీ అరలో పెట్టడానికి కూడా ముందు అడుగు.

గోంగూర ఇప్పుడు పీకక్కర్లేదు, ఇంకా టైముంది. 2028 ఆగస్టులో వాళ్లమ్మాయిని కూర్చోబెట్టి కుండీలు చూపించు. వాళ్లు చూసేవి ఇవి: కుండీ అడుగున రంధ్రం ఉందా, పైన కప్పు ఉందా లేక ఆకాశమా, ఇంటి లోపల ఉందా బయట ఉందా. రంధ్రం లేని కుండీ ఇంటి లోపల పెడితే చాలామంది సడలిస్తారు. ఆరుబయట బాల్కనీలో రంధ్రాల కుండీ అయితే గట్టిగా ఉంటారు. మొక్క చావకుండా నీళ్లు పోయడం వేరు, కొత్తగా విత్తడం వేరు. రోష్ హషానా దాటాక కొత్త విత్తనం మాత్రం వేయకు. "మొక్క నాది, నేను యూదురాలిని కాదు కదా" అనే వాదన పెట్టకు, బాల్కనీ వాళ్లది. పుదీనా వేళ్ల నుంచి మళ్లీ మళ్లీ వస్తుంది, గోంగూర ఏటా విత్తేది, కాబట్టి రెండింటికీ ఒకే జవాబు రాకపోవచ్చు. నా సలహా ఏమిటంటే, ఆ వేసవిలోనే ఉన్న గోంగూరంతా కోసి, వాళ్లకు నచ్చిన నూనెతో పచ్చడి పెట్టేసుకో. రోష్ హషానాకి ముందే కోసిన ఆకు ఆరో ఏటిది. దానికి డబ్బా అక్కర్లేదు, గడువూ లేదు.

ఇక అప్పుల రద్దు. అది ద్వితీయోపదేశకాండం 15లో ఉన్న మాటే. యూదులు ఒకరికొకరు ఇచ్చుకున్న చేబదులు సంగతి అది, ఏడో ఏడు ముగిసేసరికి రద్దవుతుంది. అలాగైతే ఎవరూ బీదవాడికి అప్పివ్వరని రెండు వేల ఏళ్ల కిందటే హిల్లేల్ అనే పండితుడు ప్రొజ్బూల్ అనే కాగితం ఏర్పాటు చేశాడు. ఆ కాగితం రాస్తే బాకీని న్యాయసభకు అప్పగించినట్టవుతుంది, వసూలు చేసుకోవచ్చు. ఆ ఏడాది సవ్తా కూడా ఒకటి సంతకం పెడుతుంది చూడు. నీ జీతానికి దీనితో సంబంధం లేదు. పనివాడి కూలి ష్మిటాలో రద్దు కాదని మిష్నా విడిగా రాసింది. ఏ నెల జీతం ఆ నెల అడిగి తీసుకో.